నశ్యం డబ్బా

గుర్రం ఇంకా వాగు దాటనే లేదు, సంచిలో మాత్రల గలగల మాపులెంగ్ వాకిట్లోకి వచ్చేసింది.

"వస్తున్నాడమ్మా పెళ్ళికొడుకు!" అంది మాపులెంగ్, జొన్నలు చెరుగుతూ.

ఆ గలగల ఏమిటో లెసోతో కొండల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. ఎయిడ్స్ మందు డబ్బాలవి. సిగ్గున్నవాళ్ళు డబ్బాలో దూది కుక్కి, చప్పుడు కాకుండా తెచ్చుకుంటారు. మోయేతికి ఆ పాటి సిగ్గు కూడా లేదు.

"డెబ్బై దాటినా బుద్ధి రాలేదు. గనుల్లో పనిచేసిన రోజుల్లో ఎన్ని కొంపల్లో దూరాడో!"

పక్కింటామె కిసుక్కున నవ్వింది. "ఈ వయసులో ఆ రోగమేంటే తల్లీ! మన మగాళ్ళు మోకాళ్ళ నొప్పులని మూలుగుతుంటే."

"అందరూ మా ఆయనలా ఉంటారా? చర్చి పెద్ద. నిప్పులాంటి మనిషి."

మోయేతి ఎక్కడివాడో ఎవరికీ తెలియదు. గని పని మానేసి వచ్చి ఊరి చివర గుడిసె వేసుకున్నాడు. నెలనెలా ఆస్పత్రికి పోయి వస్తూ, మాపులెంగ్ భర్త లెబూసాకు నశ్యం తెచ్చి ఇచ్చేవాడు. తుమ్ము కూడా రాని మేలురకమట.

గుర్రం ఆగింది.

"శాంతి, అమ్మా. న్తాతే లెబూసా ఉన్నారా?"

"అక్కడే ఉండు. గడప తొక్కకు."

అతని కోసమే విడిగా ఉంచిన సొట్ట డబ్బాలో జొన్న జావ పోసి, దూరంగా పెట్టింది. మోయేతి తాగి, తనే కడిగి, గోడ మీద బోర్లించాడు.

లెబూసా బయటికొచ్చాడు. "న్తాతే మోయేతిని లోపలికి పిలవకూడదా?"

"వాడికి న్తాతే అన్న గౌరవమేంటి, మర్యాదస్తుడిలాగా! ఆ రోగమే మనింట్లో ఎవరికైనా వస్తే పశువుల కొట్టంలో పడుకోబెడతా. మొగుడైనా సరే!"

లెబూసా తల వంచుకుని, మోయేతి ఇచ్చిన పొట్లం కప్పుకున్న దుప్పటి మడతలో దాచుకున్నాడు.

మోయేతి నవ్వాడు. "ఈసారి నశ్యం ఘాటెక్కువ, న్తాతే. ఒక్క పూటా మానకండి."

చలికాలం మంచుకి గుర్రం కాలు జారింది. మోయేతి లోయలో పడి చచ్చిపోయాడు.

"పీడ విరగడైంది," అంది మాపులెంగ్.

అయినా చర్చి ఆడవాళ్ళు పాడాలి కాబట్టి సమాధి దగ్గరికి వెళ్ళింది. ముక్కుకు దుప్పటి అడ్డం పెట్టుకుని చివర నిలబడింది. లెబూసా చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.

"ఊరుకోండి! ఆ రోగిష్టివాడి కోసం ఈ ఏడుపేంటి, నలుగురిలో?"

ఆస్పత్రి నర్సు ముందుకొచ్చింది.

"ఈయనకి ఏ రోగమూ లేదు. ఏటా నేనే పరీక్ష చేసేదాన్ని. మా దగ్గర వరుసలో నిలబడటానికి సిగ్గుపడే పెద్దవాళ్ళకి మందులు పట్టుకెళ్ళేవాడు. దూది పెట్టుకో తాతా అంటే, గలగలమననీ అమ్మా, ఊరు నన్నే తిట్టుకుంటుంది, వాళ్ళ జోలికి పోదు అనేవాడు. ఆ పెద్దవాళ్ళెవరో నాకు పేర్లు అక్కర్లేదు. మందు మాత్రం ఆపకండి, ఆపితే బతకరు. రండి."

ఎవరూ కదల్లేదు.

"ఛీ, ఎవరో ఆ సిగ్గుమాలిన ముసలాళ్ళు!" అని గొణిగింది మాపులెంగ్.

ఇంటికొచ్చాక లెబూసా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"నశ్యం అయిపోవచ్చింది," అన్నాడు.

"దానికేనా ఇంత బెంగ?" కొట్టుకి పోయి పొట్లం కొనుక్కొచ్చింది. ఎంతైనా మొగుడు. తనే నింపి పెడదామని అతని నశ్యం డబ్బా చేతిలోకి తీసుకుంది.

లెబూసా ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ముందు పశువుల కొట్టంలో నాకు పక్క వెయ్యి, మాపులెంగ్. తర్వాత తెరువు."

"మతి పోయిందా మీకు?" అంటూ మూత తీసింది.

నశ్యం రవ్వంతైనా లేదు. చప్పుడు కాకుండా కూరిన గొర్రె ఉన్ని, దాని మధ్య, మోయేతి తెచ్చిన మాత్రల్లో ఆఖరిది.