ఫరవాలేదు

నీలం పట్టీ కట్టిన టర్కీ కోళ్లకు ఉత్త ఉప్పునీళ్ల సూది పొడిచాం. అవన్నీ షెడ్డులో చచ్చి పడి ఉన్నాయి. పసుపు పట్టీవాటికి నేను తయారుచేసిన బర్డ్ ఫ్లూ టీకా వేశాం. అవి మాత్రం ఎప్పటిలాగే నా బూట్లు పొడుస్తూ వెంటపడ్డాయి.

బయటికొచ్చి ముసుగు తీశాను. షెడ్డు యజమాని ఆర్విడ్ ఫ్లాస్కుతో నిలబడి ఉన్నాడు.

"ఏమంటున్నాయి డాక్టరమ్మా, నీ పసుపు పట్టీలు?"

"ఒక్కటీ పోలేదు."

"ఫరవాలేదే," అన్నాడు. మా మిన్నెసోటా రైతు నోట అంతకు మించిన పొగడ్త రాదు.

ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి ఇచ్చాడు. నవంబరులో ఇంటింటా టర్కీ వండుకునే పండక్కి ఇవి ఎంత బరువు తూగుతాయో చెప్పుకొచ్చాడు. వచ్చే ఏడు రెండో షెడ్డుకీ టీకా వేద్దామన్నాడు. నేను తల వంచుకుని తాగాను. జబ్బు దూరిన షెడ్డులో బతికినవాటిని కూడా నురగతో ముంచి చంపాల్సిందేనని ప్రభుత్వ నియమం. టీకా వేశామన్నా వినరు. ఆ మాట ఈయనకు ఎలా చెప్పను?

"ఆర్విడ్ గారూ, ఒక సంగతి..."

"నురగ లారీ సంగతేగా? పొద్దున్నే వచ్చింది. వెనకాల ఆపించాను." ఆయన షెడ్డు వైపు చూశాడు. "ఇన్నేళ్లు కష్టపడ్డావు. బతికున్నవాటిని ఒక్కసారైనా కళ్లారా చూసుకోవద్దూ?"

క్షమించమన్నాను.

ఆయన నా చేతిలోంచి మూత తీసుకుని, విదిలించి, ఫ్లాస్కుకు బిగించాడు.

"ఫరవాలేదు," అన్నాడు.