మోగని సైరన్

చెట్లన్నీ ఒకే వైపుకి పడి ఉంటే వారెన్ బతికిపోయినట్టే. అప్పుడది మామూలు ఈదురుగాలి, ఎవరినీ అనడానికి లేదు. అటొకటి ఇటొకటి పడి ఉంటే మాత్రం వచ్చింది టోర్నడో, అంటే సుడిగాలి అన్నమాట. ఊరిని హెచ్చరించే సైరన్ నిన్న సాయంత్రం ఎందుకు మోగలేదని అప్పుడు ఊరంతా అడుగుతుంది. వాతావరణ ఆఫీసులో, మోగించమని చెప్పాల్సిన డ్యూటీలో నిన్న ఉన్నది వారెనే.

ఇప్పటిదాకా చూసిన వీధుల్లో చెట్లన్నీ తూర్పుకే పడి ఉన్నాయి. ఒక్కో చెట్టూ దాటుతుంటే అతనికి ప్రాణం లేచొస్తోంది. ఎవరి పిల్లలో ఎగిరి గెంతే ట్రాంపొలిన్ ఒకటి కరెంటు స్తంభానికి వేలాడుతోంది. జనం తెల్లారగానే రంపాలు పట్టుకుని కొమ్మలు కోసెయ్యడం మొదలుపెట్టారు. ఈ కాలనీల వాళ్ళు ఇంటి కప్పు లేకపోయినా ఓర్చుకుంటారు గానీ, లాన్ మీద చెత్త పడి ఉంటే ఓర్చుకోలేరు.

"ఈదురుగాలే కదా, రాసి పారెయ్. పోయి పాన్‌కేకులు తిందాం," అంది జోలీన్. కౌంటీ తరఫున ఫొటోలు తీయడానికి అతనితో వచ్చిన మనిషి ఆవిడ.

"ఇంకో వీధి ఉంది."

"ఉంటే ఉంది. చూడకపోతే కొంపలేం మునగవు. సగం చెట్లు కోసేశారు కూడా. నిన్నెవడు అడుగుతాడు?"

నిజమే, ఎవడూ అడగడు. వెనక్కి తిరిగిపోదామనే వారెన్‌కీ ఉంది. అంతలోనే మూలమీది ఇంటి ముందు నుంచి ఒక కేక వినిపించింది.

"ఏమయ్యా! వాతావరణం వాళ్ళు మీరేనా? ఇట్రండి!"

డెబ్బై ఏళ్ళు దాటిన మనిషి. రబ్బరు బూట్లు వేసుకుని, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పేరు లొరెయిన్ అని చెప్పి, మంచీ చెడూ లేకుండా నేరుగా అడిగింది.

"నిన్న సాయంత్రం మీ ఆఫీసులో డ్యూటీలో ఎవరున్నారు?"

జోలీన్ అడ్డం వచ్చింది. "మేం నష్టం చూసుకుపోడానికి వచ్చామమ్మా. మిగతా సంగతులు ఆఫీసుకి ఫోన్ చేసి..."

"నాకు ఫోన్లొద్దు. ఆ మనిషి పేరు కావాలి. ఎదురుగా కనపడితే మరీ మంచిది."

"ముందు మీ ఇల్లు చూస్తామమ్మా," అన్నాడు వారెన్. ఆ మాట తనకే సరిగ్గా వినపడలేదు.

ఇంటి ముందుకొచ్చి అతను పడిన చెట్లు చూశాడు. పక్కింటి ఓక్ చెట్టు తూర్పుకి పడి ఉంది. ఈవిడ మేపుల్ చెట్టు దానికి ఎదురుగా, పడమటికి పడి, ముందు వరండాని నేలమట్టం చేసింది. దాన్ని ఇంకా ఎవరూ కొయ్యలేదు. ఇక సందేహం లేదు. చిన్నదే అయినా, బలం లేనిదే అయినా, ఈ వీధిలోకి వచ్చింది టోర్నడోనే.

విరిగిన దూలం కింద ఒక ఆకుపచ్చ మడత కుర్చీ అప్పడంలా నలిగిపోయి ఉంది.

"ఎవరిదమ్మా ఆ కుర్చీ?"

"మా ఆయనది. ఎల్డన్‌ది. ఏళ్ళ తరబడి అదే కుర్చీ, అదే చోటు." అంది లొరెయిన్. "జరపమని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వింటేగా?"

ఎల్డన్ ఎక్కడ అని అడగడానికి వారెన్‌కి ధైర్యం చాలలేదు. దూలం పక్కన ఒక మగమనిషి టోపీ మట్టిలో పడి ఉంది. దాన్ని చూసి జోలీన్ కెమెరా దించేసింది.

"నిన్న సైరన్ మోగలేదు," అంది లొరెయిన్. "ఒక్క కూత కూడా కుయ్యలేదు. రాత్రంతా నాకు నిద్ర లేదు, ఆ కుర్చీ వంకే చూస్తూ కూర్చున్నా. మోగించని మనిషెవరో ఒక్కసారి చూడాలని ఉంది."

జోలీన్ వెనక నుంచి అతని మోచెయ్యి గిల్లింది, నోరు మూసుకోమని. అతను మూసుకోలేదు.

"నేనేనమ్మా. కంప్యూటర్ తెర మీద మేఘంలో చిన్న మెలిక కనిపించింది. అది టోర్నడో కాదనుకున్నాను. పొరపాటు నాదే." ఇటు తిరిగి, "టోర్నడో అనే రాస్తున్నాను, జోలీన్," అన్నాడు.

లొరెయిన్ అతని మొహంలోకి చూస్తూ దగ్గరికొచ్చింది. రెండు చేతులూ పైకి లేచాయి. కొట్టనీ, కొట్టినా తక్కువే అనుకుని వారెన్ కళ్ళు మూసుకున్నాడు.

ఆ చేతులు అతని మెడ చుట్టూ పడ్డాయి. ఆవిడ అతన్ని గట్టిగా పట్టుకుని వెక్కి వెక్కి ఏడవసాగింది. ఏడుస్తూనే ఇంటి వైపు తిరిగి కేకేసింది.

"ఎల్డన్! బయటికి రావయ్యా! ఆ మనిషి దొరికాడు!"

గరాజులోంచి ఒక బట్టతల ముసలాయన సగం తిన్న సాండ్‌విచ్చి పట్టుకుని వచ్చాడు. వారెన్‌ని ఎగాదిగా చూసి మొహం చిట్లించాడు.

"సైరన్ మోగించకుండా కూర్చున్న ఘనుడివి నువ్వేనా? నీ పుణ్యమా అని నిన్నంతా టీవీ ముందు బేస్‌బాల్ చూస్తూ ఉండిపోయాను!"

"నోర్ముయ్, ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టు!" అంది లొరెయిన్ కళ్ళు తుడుచుకుంటూ. "సైరన్ కూసిందంటే చాలు బాబూ, నేను నేలమాళిగలోకి పరిగెత్తుతాను, ఈయన టోర్నడోని కళ్ళారా చూడాలని పోయి ఆ కుర్చీలో కూర్చుంటాడు!"