నోట్లో వేసుకోని రొట్టె

రత్నరాజు కళ్లు ఊరుకోవు. చూడనే చూశాడు.

ప్రభువు బల్ల దగ్గర మోకరించిన వరసలో చివరి మనిషి రొట్టె ముక్కను అరచేతిలోకి తీసుకున్నాడు. నోట్లో వేసుకోలేదు. ద్రాక్షరసం గిన్నె దగ్గరికి వస్తే తల అడ్డంగా ఊపాడు. లేచి వెనక్కి వస్తూ ఆ ముక్కను కండువా కొసన మూట కట్టుకున్నాడు.

నెరిసిన జుట్టు, ఉతికిన పంచె. కొత్త మనిషి. గూడూరు పక్కన ఆ పల్లెలో గుడికి కొత్తవాళ్లు రావడమే అరుదు.

రత్నరాజు సంఘపెద్ద. గుడిలో గిన్నె, పళ్లెం ఆయన చేతుల మీదుగానే బయటికి రావాలి, ఆయన చేతుల మీదుగానే పెట్టెలోకి వెళ్లాలి. ఇంకొకరు ముట్టుకుంటే ఆయనకు ఒళ్లు మండుతుంది.

ఆఖరి దీవెన అవుతూనే వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమయ్యా, రొట్టె నోట్లో వేసుకోలేదేం?"

"మా ఇంటావిడకండీ. మంచంలో ఉంది. ఇవాళో రేపో అన్నట్టుంది. పోయేలోపు ఒక్కసారి ఈ రొట్టె సంస్కారం తీసుకోవాలని ఒకటే తపన."

"ఏ ఊరు?"

"పెడనండీ."

"ఆవిడ ఏ గుడికి వెళ్తుంది?"

"ఏ గుడికీ వెళ్లదండీ. మానేసి చాలా ఏళ్లయింది."

"గుడి మానేసిన మనిషికి సంస్కారమా!" రత్నరాజు గొంతు లేచింది. "ప్రభువు శరీరమయ్యా అది. చుట్టముక్కలు కట్టుకునే గుడ్డలో కడతావా?"

"ఉతికిన కండువానేనండీ."

జనం మూగారు. దయానందం మాస్టారు ముందుకొచ్చాడు. ఆయనది గుడివాడ వైపు. పుట్టింది వేరే దొరలు పెట్టిన మిషన్లో. దొరలు కూర్చుని మిషన్లను కలిపి పదేళ్లయింది గానీ ఈ ఇద్దర్నీ కలపడం ఎవరి తరమూ కాలేదు.

"శరీరం ఏమిటండీ రత్నరాజు గారూ! జ్ఞాపకార్థం కదా. పాస్టరమ్మగారు పెనం మీద కాల్చిన గోధుమ రొట్టే. పోనివ్వండి."

"మీ మిషన్లో రొట్టేనేమో. ఈ గుళ్లో కాదు."

ఇంతలో పాస్టరు కృపానందం గారు తెల్లంగీ విప్పకుండానే వచ్చారు. సంగతి విని నెమ్మదిగా చెప్పారు.

"రోగులకు సంస్కారం మేమే తెచ్చి ఇవ్వాలి బాబూ. ఎవరు పడితే వాళ్లు పట్టుకెళ్లకూడదు."

ఆ మనిషి మొహం విప్పారింది.

"అయితే రండయ్యా. బండి మాట్లాడుకొస్తాను."

"మధ్యాహ్నం ఇంకో ఊళ్లో ఆరాధన ఉంది. రేపు పొద్దున్నే వస్తాను."

"రేపటిదాకా ఉంటుందో ఉండదోనండీ."

"చూడండి ఎలా తొందరపెడుతున్నాడో," అన్నాడు రత్నరాజు. "ఏ మంత్రగాడి కోసం పట్టుకెళ్తున్నాడో ఎవరికి తెలుసు? విప్పవయ్యా ముడి."

అతను విప్పలేదు. కండువా కొసను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు.

"మీకు దణ్ణం పెడతాను బాబూ. ఒక్క ముక్కండీ."

రత్నరాజు కండువా పట్టుకుని లాగాడు. ముడి ఊడింది. రొట్టె గడప మీద పడి తునకలైంది.

"అయ్యో, అయ్యో!" అన్నారు జనం.

రత్నరాజు అతని మెడ పట్టి మెట్ల కిందికి గెంటాడు. వెంటనే తనే మోకాళ్ల మీద కూర్చుని ఒక్కో తునకనూ వేలికొసతో ఏరసాగాడు. గుడి గుడంతా ఆ రొట్టె కోసం వంగింది. కింద పడ్డ మనిషి కోసం ఒక్కరూ వంగలేదు. అతను తనంతట తనే లేచి, పెడన దారి పట్టాడు.

ఏరిన తునకలను ఏం చెయ్యాలని మళ్లీ రగడ. నేల తాకాయి గనక పాతిపెట్టాలని రత్నరాజు. తినెయ్యడమే పద్ధతని పాస్టరు గారు. కాకులకు వేసినా తప్పులేదని మాస్టారు. భోజనాల వేళ అవుతున్నా తెమల్లేదు. పాపం, ఆ ఇల్లాలి పేరేమిటని అడగడానికే ఎవరికీ తీరిక లేకపోయింది.

మర్నాడు పొద్దున పాస్టరు గారు అన్నమాట ప్రకారం బయల్దేరారు. గిన్నె పెట్టె సంఘపెద్దే మొయ్యాలి గనక రత్నరాజు కూడా సణుక్కుంటూ సైకిలెక్కాడు.

పెడనలో వాకబు చేశారు. నేతవాళ్ల వీధిలో కిరస్తానీ భార్య ఉన్నది ఒక్క శోభనాద్రికేనని చెప్పారు. ఆ మాట విన్నాక రత్నరాజు సణుగుడు ఆగిపోయింది.

వీధిలో మగ్గాల చప్పుడు లేదు. శోభనాద్రి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లను చూసి లేచి నిలబడ్డాడు.

"రాత్రే పోయిందండీ."

పాస్టరు గారు సైకిలు గోడకు ఆనించి అరుగు దగ్గరికి వచ్చారు. మెల్లిగా అడిగారు.

"నువ్వు మావాడివి కాదని నిన్న చెప్పలేదేం బాబూ?"

"నన్నెవరూ అడగలేదండీ. బాప్తిస్మం లేనివాడివి, నోట్లో వేసుకోవద్దంది. ఉతికిన గుడ్డలో కట్టమంది. నేల మీద పడనివ్వద్దంది. ఆ ఒక్కటే నాకు చేతకాలేదు."

"ఆవిడ పేరు చెప్పి అడగాల్సింది. నేను నిన్ననే వచ్చేవాణ్ణేమో."

"సుగుణమ్మండీ. పేరు చెబితే అసలు గుమ్మం తొక్కనివ్వరని చెప్పొద్దంది. మీలో ఎవరూ మొహమైనా చూడని నన్ను చేసుకుందని మీ గుళ్లోంచి వెలివేశారు కదండీ."

పాస్టరు గారు కళ్లు తుడుచుకున్నారు.

"ఆవిడ తరపు వాళ్లకు కబురు చేశావా?"

"చెయ్యక్కర్లేదండీ."

శోభనాద్రి గుమ్మంలోంచి పక్కకు తప్పుకుని, పెట్టె పట్టుకుని వీధిలోనే నిలబడిపోయిన రత్నరాజు వైపు తిరిగి చేతులు జోడించాడు.

"లోపలికి రండి బావగారూ, మీ చెల్లెల్ని చూద్దురు గాని."