పేరిందేవి సుడి పరీక్ష

అరటితోటలో నత్తల పెళ్ళి కుదరాలంటే ముందు పెద్దనత్త పేరిందేవి పెళ్ళికొడుకు గుల్ల తిప్పి చూడాలి. తన గుల్ల కుడివైపు సుడి తిరిగింది కాబట్టి లోకమంతా అలాగే తిరగాలని ఆవిడ పట్టుదల. ఎడమసుడి నత్త గవరయ్య తన కొడుక్కి పిల్లనడగడానికి వస్తే, "పుట్టుకే వంకర, పైగా మా పిల్ల కావాలా?" అని ఎడమసుడి వాళ్ళందర్నీ గట్టు మీదికి తరిమేసింది.

ఆ వానల్లో నత్తల్ని తినే పాము తోటలో దిగింది. తరతరాలుగా కుడిసుడి నత్తల్నే లాగి తిన్న దవడ దానిది. ఎడమసుడి గుల్ల పట్టబోతే పళ్ళు జారిపోయేవి. కుడిసుడి వంశాలన్నీ దాని కడుపులోకి పోయాయి. పేరిందేవి ఒక్కతే గట్టెక్కి, గవరయ్య గుల్ల చాటున నక్కి బతికింది.

మరుసటేడు చినుకులు పడేసరికి తోటనిండా ఎడమసుడి పిల్లలే. పక్కతోట నుంచి ఒక కుడిసుడి కుర్రాడు సంబంధం వెతుక్కుంటూ వచ్చాడు.

పేరిందేవి వాడి గుల్ల చూసి మూతి మూడు వంకర్లు తిప్పింది.

"మా వంశంలో ఇలాంటి సుడి ఎన్నడూ లేదు నాయనా!" అంటూ, తన గుల్ల మీద కప్పుకున్న అరటాకు ముక్కను ఇంకాస్త కిందికి లాక్కుంది.