అయిదు పిల్లుల తీర్పు

"చేతులు కడుక్కోండి. సబ్బు వద్దు, ఉత్త నీళ్ళే," అన్నాడు ఫ్యాక్టరీ పిల్లుల్ని సాకే తాత.

మరదలు చేతులు కుళాయి కింద పెట్టినట్టే పెట్టి తీసేసింది. గోళ్ళ సందుల్లో నారింజ తొక్క రసం అలాగే ఉంది. పొద్దున బస్సులో కూర్చుని కావాలనే గీరి గీరి పట్టించుకుంది. ఆ వాసన పిల్లికి గిట్టదు. పిల్లుల తిండి ఫ్యాక్టరీలో పనిచేసే మనిషికి ఆ మాత్రం తెలీదా! పక్కన వదిన మాత్రం మోచేతుల దాకా తోముకుంటోంది, పెళ్ళిచూపులకి కూర్చోబోతున్నట్టు.

మరదలిది గుళికల సెక్షన్. ఎండు తిండిని సంచుల్లో నింపుతారు. వదినది డబ్బాల సెక్షన్. తడి తిండి నింపి మూత బిగిస్తారు. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. నాలుగు రోజుల కిందట గేటు దగ్గర కాగితం అంటించారు: అయిదు పిల్లుల్లో ఎక్కువ పిల్లులు ఏది మెచ్చితే కంపెనీ ఇకమీదట దానిమీదే పెట్టుబడి పెడుతుంది. అంటే రెండోదానికి తాళమేనని ఫ్యాక్టరీ అంతా అనుకుంది. పన్నెండేళ్ళు సంచులు మోసి నడుం విరగ్గొట్టుకున్న మనిషిని అడగరట. పిల్లిని అడుగుతారట!

"నీ గిన్నె ఆమె పట్టుకోవాలి, ఆమె గిన్నె నువ్వు పట్టుకోవాలి," అన్నాడు తాత. సొంత గిన్నెలో ఎవరూ ఏమీ కలపకుండా మేనేజరు పెట్టిన రూలు అది. "పిల్లి మారినప్పుడల్లా కుడి ఎడమలు మార్చండి. కొన్నిటికి ఎప్పుడూ ఒక పక్కకే పోయే అలవాటు."

పిల్లుల గది అద్దం గోడ అవతల రెండు సెక్షన్ల జనం ముక్కులు ఆనించి నిలబడ్డారు.

"మీ గులకరాళ్ళు కొరికితే దాని పళ్ళూడతాయే!"

"మీ జావ తాగితే మూతి తుడవాలి. నువ్వొస్తావా తుడవడానికి?"

మొదటి పిల్లి తిన్నగా తడి గిన్నెలో మూతి పెట్టి నాకేసింది. డబ్బాల వాళ్ళు అద్దం మీద దరువేశారు. మరదలు బొటనవేలు కొంగులో దాచుకుంది. వద్దులే, మామూలుగానే చూద్దాం అనుకుంది.

రెండోదీ తడే.

ఇంకొక్కటి అటు పోతే అయిపోయినట్టే. మరదలి కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. మడమ ఎత్తుతోంది, దించుతోంది.

"ఎందుకే అలా ఇదైపోతావు?" అంది వదిన మెల్లగా. "ఎవరు నెగ్గితేనేం? సాయంత్రం కూర వండుకోవాల్సింది ఒక గిన్నెలోనే కదా."

నెగ్గేవాళ్ళకి ఎన్ని మాటలైనా వస్తాయి అనుకుంది మరదలు. తడి గిన్నెను ఎడమ నుంచి కుడికి మారుస్తూ అంచు చుట్టూ బొటనవేలు గట్టిగా తిప్పింది. గోటితో ఒక గీత కూడా గీసింది.

మూడో పిల్లి తడి గిన్నె దాకా వచ్చింది. తుమ్మింది. రెండడుగులు వెనక్కి వేసి గుళికల గిన్నె చేరింది. కరకరకర.

నాలుగోదీ అంతే. అద్దం అవతల గుళికల వాళ్ళ గోల మిన్నంటింది.

అయిదోది ముసలిది. బస్తాలా ఉంది. రెండు గిన్నెల మధ్యా చతికిలబడి కాలు నాక్కోవడం మొదలుపెట్టింది. ఒక నిమిషం. రెండు నిమిషాలు. తోక కదలదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు. మరదలికి ఆ పిల్లి పీక పిసకాలనిపించింది.

"రా తల్లీ, రా బంగారం," అంది వదిన. "నీకోసం ఎన్ని వేల డబ్బాలు మూతేశానే..."

పిల్లి లేచింది. తడి గిన్నె వాసన చూసింది. మూతి చిట్లించింది. అటు తిరిగి గుళికలు నమలడం మొదలుపెట్టింది.

మూడు, రెండు!

తలుపు తోసుకుని గుళికల వాళ్ళు లోపలికొచ్చారు. మరదల్ని ఎత్తి పట్టుకుని తిప్పారు. కిందికి దిగేసరికి వదిన తన గిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని ఉంది. గిన్నె కింద పెట్టింది. మరదలి చేతులకేసి చూసింది, మొహంలోకి చూసింది.

"నారింజపండు తిన్నావన్నమాట," అంది. "నాకొక్క తొనైనా పెట్టావు కాదే."

మరదలు చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇంట్లో నాలుగు నోళ్ళున్నాయి, నేనేం చెయ్యను అందామనుకుంది. ఆ నాలుగు నోళ్ళూ వదినవి కూడా.

మేనేజరు చప్పట్లు కొట్టాడు. "కంపెనీ మాట తప్పదు. పిల్లులు మెచ్చిన గుళికల మీదే పెట్టుబడి. కొత్త మిషను రేపు దిగుతోంది. నింపడం, తూచడం, కుట్టడం అన్నీ అదే చూసుకుంటుంది. గుళికల సెక్షన్ వాళ్ళు ఇక పనిలోకి రానక్కర్లేదు."

ఎత్తి తిప్పిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

బయటికి పోబోతున్న వదిన గుమ్మంలోంచే అడిగింది, "మరి మా డబ్బాల సెక్షన్ మాటేంటండీ?"

"మీకేమైంది? మామూలుగానే రండి. పిల్లి ముట్టని సరుక్కి మిషను ఎవడు కొంటాడమ్మా?"