పక్కింటి నోరు

"దాన్ని కిటికీ దిక్కు కూసోవెట్టకు అక్కా! గా గుండు చూస్తే రోడ్డు మీది బర్లు జడుసుకుంటయి."

బస్సులో ముందు సీట్ల వాళ్లు కూడా వెనక్కి తిరిగి చూశారు. ఆరేళ్ల పూజ టోపీని చెవుల మీదికి లాక్కుంది. కృష్ణమ్మ పిల్లను గాలి తగలని వైపుకి జరిపి, మూతికి కట్టిన గుడ్డ సర్దింది.

పక్కింటి మమత నోరు అటువంటిది. గచ్చిబౌలిలో వరసగా లేస్తున్న అద్దాల ఆఫీసుల్లో ఒకదాంట్లో నేలలు తుడుస్తుంది. రోజూ చేవెళ్ల నుంచి ఇదే బస్సు. కృష్ణమ్మ ప్రతి మంగళవారం పూజను పట్నంలో క్యాన్సర్ దవాఖానకు తీసుకెళ్లేది కూడా ఇదే బస్సులో. పిల్ల నెత్తురు చెడిపోయి ఏడాదైంది. ఆ బాధ చాలదన్నట్టు దారి పొడవునా మమత మాటలు కూడా పడాలి.

మొయినాబాద్‌లో గులాబీల గంపతో ఎక్కిన ముసలామెకు ఒళ్లు మండింది.

"ఏం మనిషివే నువ్వు? పానం బాగలేని పోరిని గట్ల అంటరా? నీకు పిల్లల్లేరా?"

"ఇద్దరు పోయిండ్రు. నీకేమన్న ఫికరా?"

ముసలామె గంపను ఒళ్లోకి లాక్కుంది. పక్కనామెతో గొణిగింది. "గందుకే. ఎదుటోళ్ల బిడ్డను చూసి ఓర్వలేకపోతున్నది."

బస్సులో సగం మంది తలలూపారు. తప్పేముంది? ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

అప్పా జంక్షన్ వచ్చింది. గచ్చిబౌలి బస్సు మారడానికి అక్కడ దిగాల్సిన మమత దిగలేదు.

"పనికి పోవా?" అంది కృష్ణమ్మ.

"ఇయ్యాల డ్యూటీ లేదు."

ప్రతి మంగళవారం ఇదే మాట.

దవాఖానలో మందు ఎక్కించిన అరగంటకు పూజకు వాంతులు మొదలయ్యాయి. కడుపులో ఏమీ లేదు, పసరు తప్ప. కళ్లు తేలిపోతుంటే పిల్ల గాల్లో చేతులాడించి, దొరికిన కొంగు గట్టిగా పట్టుకుంది.

"అమ్మా..."

అది మమత కొంగు. పాము మీద కాలేసినట్టు ఎగిరిపడింది మమత.

"నేను మీ అమ్మను కాదు! అమ్మ గక్కడున్నది, చూడు!"

విసురుగా కొంగు లాక్కుని బయటికి వెళ్లిపోయింది. పూజ వెక్కివెక్కి ఏడ్చింది. అయ్యో, ఒక్క నిమిషం పట్టుకోనిస్తే ఏం పోయేది! రోగిష్టి పిల్ల తెలియక పట్టుకుంది, అంతే కదా.

చాలాసేపటికి తిరిగొచ్చింది మమత. ముఖం తడిగా ఉంది. చేతులు కడుక్కునే సబ్బునీళ్ల సీసా ఒకటి మంచం మీద పడేసింది.

"ఆఫీసుల మిగిలింది. చేతులు కడిగి ముట్టుకో అక్కా. ఈ పోరికి అంటకూడనియి అంటితే మల్ల నా పానం తింటరు."

ఆ సాయంత్రం ఇంట్లో కృష్ణమ్మ అత్త పెంటమ్మ జావ చల్లార్చి చెంచాతో తాగిస్తోంది. పూజ ప్రతి చెంచాకూ ఒక ప్రశ్న వేస్తుంది.

"అవ్వా, నీకు గా పేరెందుకు పెట్టిండ్రు?"

"నా ముందు పుట్టినోళ్లు ముగ్గురు పోయిండ్రు బిడ్డా. నేను పుట్టంగనే నన్ను కన్న అవ్వ పెంటకుప్ప మీద పండవెట్టింది. వాడకట్టుల ఒకామె చాటెడు తవుడిచ్చి కొనుక్కున్నది. గప్పటి సంది నేను ఆమె బిడ్డనే. మా అవ్వ మల్ల నన్ను ఎన్నడు బిడ్డా అని పిలువలే. పిలిస్తే చావుకు ఎరుకైతదని."

"మీ అవ్వకు ఏడుపు రాలేదా?"

పెంటమ్మ చెంచా గిన్నెలో పెట్టింది. "వచ్చే ఉంటది."

"పసిదానికి గా ముచ్చట్లెందుకు అత్తా?" అని కసురుకుంది కృష్ణమ్మ. పెంటమ్మ మళ్లీ జావ కలపసాగింది.

తర్వాతి మంగళవారం డాక్టర్ పూజ మంచం దగ్గర కాగితాలు చూసి కళ్లజోడు తీశాడు.

"మందులు పనిచెయ్యట్లేదమ్మా. ఎముకల్లో మూలుగ మార్చాలి."

"మార్చకపోతే?"

"రెండు నెలలు. అంతకుమించి నేను చెప్పలేను. తోడబుట్టిన వాళ్లు లేరన్నారు. కన్నవాళ్లదైతే సగమైనా కలుస్తుంది. ముందు తల్లి నెత్తురు పరీక్ష చేద్దాం."

నర్సు సూదితో వచ్చింది. "చెయ్యి చాపమ్మా."

కృష్ణమ్మ చాపలేదు. రెండు చేతులూ కొంగులో దాచుకుంది.

"సూదంటే భయమా?"

కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. కళ్ల నుంచి నీళ్లు కారిపోతున్నాయి. డాక్టర్‌కు విసుగొచ్చింది.

"మరేంటమ్మా? పిల్ల బతకాలని లేదా?"

గుమ్మం దగ్గర నిలబడ్డ మమత లోపలికి వచ్చింది. పూజ నిద్రపోతోందో లేదో వంగి చూసింది. స్టూలు మీద కూర్చుని జాకెట్ చెయ్యి పైకి లాక్కుంది.

"నాది తియ్యి సిస్టర్."

"మీరు పక్కింటివాళ్లని చెప్పారు కదా," అన్నాడు డాక్టర్. "ఊరికే అందరిదీ తీసి లాభం లేదమ్మా."

మమత ఒకసారి కృష్ణమ్మ వైపు చూసింది, మళ్లీ మంచం వైపు చూసింది. తలుపు దగ్గర ఎవరో పొంచి వింటున్నట్టు గొంతు బాగా తగ్గించింది.

"కన్నది నేనే సార్."