ప్లాస్టిక్ గడ్డి

"బిరీన కానీ ఘనన్నా, మా అత్త వచ్చే కుప్పం బస్సుకు టైమయింది!" సుగుణ వీధి వైపే చూస్తోంది.

గొడుగులు బాగుచేసే ఘని వాకిట్లో పరిచిన ప్లాస్టిక్ గడ్డి చాప మీద వంగి, చిరుగును పచ్చదారంతో కుడుతున్నాడు. పొద్దున దూడ తాడు విప్పుకొని వచ్చి, నిజం గడ్డే అనుకొని పళ్లతో పట్టి లాగేసింది. బెంగళూరు నుంచి అత్త తమ్ముడు తెచ్చిచ్చిన ఫారిన్ సరుకు అది. అలాంటిది మదనపల్లెలో ఇంకెవరింట్లోనూ లేదని అత్త ఆదిలక్ష్మమ్మకు గొప్ప. రెండేళ్లుగా దాని మీద ఎవరినీ కాలు పెట్టనివ్వలేదు.

"ఎంత కుట్టినా అతుకు తెలస్తాదమ్మా," అన్నాడు ఘని.

అంతలోనే ఆదిలక్ష్మమ్మ సంచితో గేటు తోసుకొని వచ్చింది.

"దూడను నేనే సరిగా కట్టెయ్యలేదత్తా," అంది సుగుణ.

ఆదిలక్ష్మమ్మ చిరుగును చూసింది. తర్వాత చెప్పులు విడిచి, చాప నడుమ చతికిలబడి కాళ్లు బారజాపింది. అరచేత్తో గడ్డిని నిమిరింది.

"ఎంత మెత్తగా ఉండాది మే! పాడైపోతాదని నేను కూడా ఒక్కనాడూ కూర్చోలేదు. ఎట్టాగూ చినిగిపోయె, ఇంక యాల బయపడాల?"

ఘని పకపకా నవ్వాడు.

"నిలబడి సూస్తాండావేంది? ముగ్గురికీ టీ తెచ్చి, నువ్వూ ఈడ కూర్చో," అంది అత్త సుగుణతో.

కాపురానికొచ్చాక అత్త పక్కన కూర్చోవడం సుగుణకు అదే మొదలు. టీ గ్లాసు పట్టుకొని, కాస్త జంకుతూనే, ఆమె కూడా కాళ్లు చాపుకుంది.